రాయికోడ్ గ్రామఫోన్‌లో ఈల

జూన్ 3, మంగళవారం

రాయికోడ్ రైతు రామ్‌కిషన్ గ్రామఫోన్ ఇవాళ విప్పాను. స్ప్రింగ్ మధ్యకు విరిగి ఉంది. పాత గ్రీజు గీకి, కొత్త స్ప్రింగ్ చుట్టి, డబ్బా మూసి హ్యాండిల్ తిప్పాను. పళ్ళెం చక్కగా తిరిగింది. సాయంత్రానికల్లా అప్పజెప్పే పని అనుకుని టీ చెప్పాను. టీ వచ్చేలోపే ఈల వినిపించింది. రికార్డు ఇంకా పెట్టనే లేదు. దోమ చెవి పక్కన తిరుగుతున్నట్టు సన్నగా, ఆగకుండా.

నా రాతే ఇంత. తేలికైన పని నా గడప తొక్కదు. జహీరాబాద్‌లో గ్రామఫోన్ బాగుచేసేది నేనొక్కణ్ణే, బీదర్ నుంచి కూడా తెస్తారు. బస్వరాజ్ చెవి పెట్టి విన్నాడంటే రోగం దొరికినట్టే అని వాళ్ళే అంటారు. ఈల వేసే మిషన్‌ని బయటికి పంపితే ఆ పేరు ఏం కావాలి?

టీ చల్లారిపోయింది.

జూన్ 5, గురువారం

ఈల గవర్నర్ నుంచే వస్తోంది. పళ్ళెం వేగాన్ని పట్టి ఉంచే ఆ ఇరుసు అరిగితే ఇలాగే కూస్తుంది. తీసి వెలుతురులో పెట్టి చూశాను. మర చుట్లు నున్నగా ఉన్నాయి. గోరు పెట్టి లాగినా ఎక్కడా తట్టుకోలేదు. అయినా కంటికి ఆనని అరుగుదల చెవికి దొరుకుతుంది. ఇన్నేళ్ళు అన్నం పెట్టింది ఈ చెవే కదా.

గరుకు ఎమ్రీ కాగితంతో కొంచెం రుద్ది బిగించాను. ఈల తగ్గలేదు. ఇంకొంచెం రుద్దాను.

జూన్ 6, శుక్రవారం

రామ్‌కిషన్ వచ్చాడు. పంచె మడమల దాకా, చేతిలో ఎరువుల దుకాణం సంచి.

"స్ప్రింగే గదా అంటిరి బస్వరాజన్నా. ఇంక కాలేదా?"

"స్ప్రింగ్ అయింది. లోపట గవర్నర్ అరిగింది. నూనె లేకుండ నడిపిన్రు ఎవరో."

"ఎవరో ఏంది? మా తమ్ముడే."

వాళ్ళిద్దరూ పాళ్ళు పంచుకున్నప్పుడు చేలు, పశువులు, ఇత్తడి గంగాళాలు అన్నీ రెండు భాగాలయ్యాయట. గ్రామఫోన్‌ని కోయలేరు కాబట్టి ఒక ఏడు అన్న ఇంట్లో, ఒక ఏడు తమ్ముడి ఇంట్లో. ఉగాది రోజు పచ్చడి తాగి, నెత్తిన పెట్టుకుని గోడ అవతలికి తీసుకెళ్తారట. మొన్న ఉగాది దాకా అది తమ్ముడు శివరాజ్ దగ్గరే ఉంది. అన్న ఇంటికి వచ్చాక స్ప్రింగ్ విరిగింది.

"బాపు సచ్చిపోతూ దాన్ని జర పైలంగ చూస్కోండ్రి అన్నడు. వీనికి నూనె చుక్క వెయ్యనీకి చేతులు రాలే. ఇగ ఆ ఇంటికి పోదు అది."

నేను ఎవరి పేరూ చెప్పలేదు. పార్టు ఏం చెప్పిందో అదే చెప్పాను.

జూన్ 9, సోమవారం

ఈల.

జూన్ 11, బుధవారం

ఇరుసు కొసలు తిరిగే బుష్షులు మార్చాను. ఇత్తడి చక్రం పళ్ళన్నీ సూదితో శుభ్రం చేశాను. ఈల అలాగే ఉంది. దానికి తోడు పాట కూడా మందంగా వస్తోంది, పాడే మనిషి నోటికి దుప్పటి అడ్డం పెట్టుకున్నట్టు. సౌండ్ బాక్స్‌లో రబ్బరు గట్టిపడి ఉంటుందని అదీ మార్చాను. మందంగానే ఉంది. పాతకాలపు సరుకు గట్టిది అంటారు కానీ, ఈ ఒక్కటి మాత్రం నా పాలిట శని.

ఇంట్లో ఇంకో బాధ. మా ఆవిడ భాగీరథికి పళ్ళ సెట్టు పెట్టించినప్పటి నుంచి మాట నోట్లోనే మింగేస్తోంది. ఈ పూట అన్నం దగ్గర నిలబడి ఏదో అంది. ఏమిటి అన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ ఏమిటి అన్నాను.

"పప్పుల ఉప్పు సరిపోయిందా అంటున్న! మూడుసార్లు అడగాల్నా?" అని గిన్నె ఠంగుమని పెట్టింది. గిన్నె చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినిపించింది. పళ్ళ డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళి ఆ సెట్టు సరిచేయించాలి.

జూన్ 13, శుక్రవారం

పక్క దుకాణం అక్రంని పిలిచాను. లేత్ మీద ఇనుము చెక్కడంలో వాడి పనితనం నాకు తెలుసు, కలిసి పని చేస్తూనే జుట్టు తెల్లబడింది ఇద్దరికీ. హ్యాండిల్ తిప్పి, "విను" అన్నాను. తల వంచి విన్నాడు.

"ఏం ఇనాలె?"

"ఈల."

"ఏ ఈల భాయ్? గర్ర్ మని తిరుగుతుంది, మంచిగ. నాకైతే ఈల గీల ఏం ఇనొస్తలేదు."

"జర దగ్గరికొచ్చి ఇను."

చెవి పెట్టెకు ఆనించాడు. లేదన్నాడు. పాట పెట్టమన్నాడు, తల ఊపుతూ మొత్తం విన్నాడు. "గొంతు అద్దం లెక్కుంది. నువ్వు ఊకెనే పరేషాన్ అయితున్నవ్. ఇచ్చి పంపెయ్యి" అన్నాడు.

నాకు జాలి వేసింది. పొద్దస్తమానం ఆ లేత్ మోతలో బతికినవాడికి చెవులు ఎలా నిలుస్తాయి? మొహం మీద చెప్పలేక కొత్త ఇరుసు ఒకటి లేత్ పట్టి ఇమ్మన్నాను. "పాతదానికి ఏమైంది?" అని గొణుక్కుంటూ కొలతలు తీసుకున్నాడు. వాడూ గొణుగుడే. ఈ మధ్య ఊరంతా గొణుగుడే.

జూన్ 16, సోమవారం

శివరాజ్ వచ్చాడు. ఈ మనిషిని ఇంతకు ముందు చూడలేదు. మెట్టు ఎక్కకుండానే మొదలుపెట్టాడు.

"నేను నూనె వెయ్యలేదని చెప్పిన్రంట గదా."

"నీ పేరు చెప్పలె. పార్టు అరిగిందని చెప్పిన."

"ప్రతి అమాసకు వేసిన. కుట్టుమిషన్ నూనె. బాపు ఎట్ల చూపిచ్చిండో అట్లనే. ఇంట్ల ఎవ్వర్ని ముట్టనియ్యలె."

"అట్లయితే ఎందుకు అరిగింది మరి?"

"అదే గదా నేను మిమ్మల్ని అడుగుతున్న."

ఎదురు ప్రశ్న వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరుసు తీసి చేతిలో పెట్టాను. గీతలు చూడమన్నాను. నా ఎమ్రీ కాగితం గీతలు కూడా అందులో కొన్ని ఉండవచ్చు. అన్నీ నావే కావు.

చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఏటా అన్న ట్రాక్టర్ తమ్ముడి చేను విత్తుతుంది, తమ్ముడి బోరు నీళ్ళు అన్న అల్లం మడికి పారతాయి. ఈ ఏడు ట్రాక్టర్ రాలేదు.

"మొన్న వాన పడ్డది. పక్క చేన్లన్ని సోయా ఇత్తిన్రు. నాది ఒక్కటే బీడున్నది. కిరాయికి అడిగితే ఎవ్వని ట్రాక్టర్ ఖాళీ లేదు. బాపు సామాను ఖరాబ్ చేసినోనికి ట్రాక్టర్ ఎందుకని మా అన్న అంటుండు. మీరు ఒక్క మాట చెప్పున్రి ఆయనకు. అదను పోతది."

"మీ అన్నదమ్ముల పంచాయితీ నా దుకాణంల పెట్టకున్రి" అన్నాను.

మెట్టు దిగి వెళ్ళిపోతూ ఏదో అన్నాడు. నన్ను తిట్టి ఉంటాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు చేయనివాడు జహీరాబాద్ దాకా ఎందుకు వస్తాడు?

జూన్ 17, మంగళవారం

తప్పు చేయనివాడు కూడా రావచ్చు. చేను బీడు పడితే నేనైనా వస్తాను.

కానీ ఈల ఉంది కదా. ఈల ఎక్కడి నుంచి వస్తుంది మరి?

జూన్ 20, శుక్రవారం

అక్రం కొత్త ఇరుసు ఇచ్చాడు. మెరుస్తోంది. బిగించాను, నూనె వేశాను, తిప్పాను.

ఈల!

వాడి దగ్గరికి వెళ్ళి కేకలేశాను. కొలత తప్పావన్నాను. వాడు మైక్రోమీటర్ తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే చూస్కో" అని లేత్ దగ్గరికి వెళ్ళిపోయాడు. కొలత సరిగ్గానే ఉంది. ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదు అక్రం. చెవులు పోయాయి కాబట్టి పాపం వాడికి తెలియడం లేదు.

జూన్ 23, సోమవారం

రామ్‌కిషన్ ఫోన్. ఆయన ఫోన్ కూడా చెడిపోయింది, సగం మాటలు రావు. ఎప్పుడిస్తారు అన్నట్టు ఉంది. రేపు మాపు అన్నాను. శివరాజ్ చేను సంగతి అడుగుదామనుకున్నాను. ఏం వినబడని ఫోన్‌లో ఏం అడుగుతాం?

జూన్ 25, బుధవారం

గంజ్ దగ్గర ఫంక్షన్ హాల్లో శుక్రవారం చెవుల పరీక్ష ఉందని ఆటోలో మైకు పెట్టి తిరుగుతున్నారు. ఉచితం. అక్రంకి చెప్పడానికి ఇదే సమయం అనుకున్నాను. మెల్లగా, నొప్పించకుండా చెప్పాను. ఈ వయసులో ఇది సహజమనీ, సిగ్గుపడాల్సింది లేదనీ.

వాడు లేత్ ఆపి నన్ను వింతగా చూశాడు. తర్వాత నవ్వాడు.

"సరే పోదాం. కానీ ఇద్దరం చూపిచ్చుకోవాలె. నావి పోయుంటే ఈ లేత్ నీ పేరు మీద రాసిస్త."

నాకెందుకు పరీక్ష? అయినా ఒప్పుకున్నాను. లేకపోతే వీడు కదలడు.

జూన్ 27, శుక్రవారం

వెళ్ళి వచ్చాము. అక్రం చెవులు వయసుకి తగ్గట్టు ఉన్నాయట. ఆ లేత్ మోతలో దూది పెట్టుకుంటాడట. ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

నాకు చెవుల మీద డబ్బాల్లాంటివి పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినగానే నొక్కమంది ఆ అమ్మాయి. శ్రద్ధగా నొక్కాను. కాసేపటికి తీసేసింది.

"అంకుల్, నేను సౌండ్ పెట్టకముందే నొక్కుతున్నరు."

"ఇనొస్తుంది కాబట్టి నొక్కుతున్న."

ఆమె మళ్ళీ మొదటి నుంచి చేసింది. డాక్టరు కాగితం చూసి, సన్నటి శబ్దాలు నాకు బాగా తగ్గాయన్నాడు. అవి తగ్గినప్పుడు కొందరికి చెవే తనలో తాను ఒక శబ్దం చేసుకుంటుందట. "ఈల లెక్క ఏమన్న ఇనొస్తదా మీకు?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

అక్రం నా మొహం చూశాడు.

వాళ్ళ మిషన్‌లో ఏదో తేడా ఉంది. హాల్లో ఫ్యాన్లు, జనం గోల. అక్కడ కూర్చోబెట్టి చెవులు చూస్తే ఏం తెలుస్తుంది? సాయంత్రం మొహర్రం పీర్ల దగ్గర డప్పులు మొదలయ్యాయి. దుకాణంలో కూర్చుని ప్రతి దెబ్బా విన్నాను. చెవిటివాడికి డప్పు వినబడుతుందా?

జూన్ 29, ఆదివారం

బజారు మూసి ఉంది. కరెంటు లేదు. రోడ్డు మీద ఆటో కూడా లేదు. ఇదే మంచి సమయమని షట్టర్ సగం దించి కూర్చున్నాను.

మొత్తం విప్పాను. పళ్ళెం తీశాను. స్ప్రింగ్ డబ్బా తీశాను. చక్రాలు, బుష్షులు, గవర్నర్, ఇరుసు, చిన్న మరమేకుతో సహా అన్నీ కిరోసిన్ తట్టలో వేశాను. ఖాళీ పెట్టె బల్ల మీద మిగిలింది. ఇప్పుడు కూయమను చూద్దాం అన్నాను పైకే.

కూసింది.

తట్టలోకి చెవి పెట్టాను. లేచి వెళ్ళి పెట్టె మూత మూశాను. షట్టర్ పూర్తిగా దించాను. రెండు చేతులతో రెండు చెవులూ మూసుకున్నాను. ఇంకా బాగా వినిపించింది.

జూన్ 30, సోమవారం

దుకాణం తీయలేదు.

జూలై 1, మంగళవారం

రాయాలి.

పాత ఇరుసుని అక్రం మైక్రోమీటర్‌తో కొలిచాను. బుష్షులో ఉండే కొసలు కొత్తవాటిలా ఉన్నాయి. తగ్గింది మధ్యలోనే, నా ఎమ్రీ కాగితం తిరిగిన చోట. నూనె లేక అరిగితే ముందు కొసలు పోవాలి. ఈ విషయం నిద్రలో అడిగినా చెబుతాను నేను.

ఇంకొకటి. మొదటి రోజు విప్పినప్పుడే బుష్షుల్లో నూనె ఉంది. తెల్లగా, పలచగా, కుట్టుమిషన్ నూనె. గుడ్డతో తుడిచింది నేనే. ఆ రోజు ఇక్కడ రాయలేదు. ఎందుకు రాయలేదంటే ఏం చెప్పను? ఈల విన్నాక నూనె సంగతి పట్టించుకోలేదు. శివరాజ్ వచ్చి కుట్టుమిషన్ నూనె అన్నప్పుడు కూడా గుర్తు రాలేదని ఇక్కడ రాయబోయాను. గుర్తు వచ్చింది.

ఏడుపు వచ్చింది. దానికంటే కోపం ఎక్కువ వచ్చింది. కళ్ళు పోతే అద్దాలు పెట్టుకుని పని చేసేవాళ్ళు ఉన్నారు. చేయి వణికితే బిగించడానికి మనిషిని పెట్టుకోవచ్చు. వినడమే పనిగా బతికినవాడికి చెవి పోవడమేమిటి? అదీ నిశ్శబ్దంగా పోకుండా, ఈల వేసి మరీ నన్ను ఆడించి పోవాలా? ఎంత రోత ఇది.

జూలై 2, బుధవారం

అక్రం చేసిన కొత్త ఇరుసుతో మళ్ళీ అంతా బిగించాను. భాగీరథిని దుకాణానికి రమ్మన్నాను. పెళ్ళయినప్పటి నుంచి ఇలా ఎప్పుడూ పిలవలేదు. కొంగు సర్దుకుని స్టూలు మీద కూర్చుంది. తిప్పాను.

"ఈల ఉందా?"

"లేదు."

"నిజంగ?"

"నా పండ్ల సెట్టు మీద ఒట్టు" అంది. నవ్వలేదు. అక్రం ఆమెకు అంతా చెప్పేసి ఉంటాడు.

పాట పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. నాకు దుప్పటి అడ్డం పెట్టుకున్న గొంతే వినిపించింది. అయిపోయాక బాగుందా అని అడిగాను. చాలా బాగుందంది. నా చేతి పని ఎలా ఉందో నేను ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం ఇదే మొదలు.

తర్వాత నా లెక్క చెప్పాను. మిషన్ బాగైంది. రామ్‌కిషన్ తీసుకుపోతాడు, సంతోషపడతాడు, నలుగురికి చెబుతాడు. పాత ఇరుసు నా డబ్బాలో ఉంది, ఎవరూ చూడరు. చెప్పానంటే మాత్రం చెవిటివాడి దగ్గరికి గ్రామఫోన్ ఎవరు తెస్తారు? ఇక దుకాణానికి తాళమే.

"మరి ఆ తమ్ముని చేను?" అంది.

"ఇయ్యాల కాకుంటే రేపు అన్నదమ్ములు వాళ్ళే కలుస్తరు."

"రేపు కలిస్తె సోయా మొలుస్తదా?"

ఈ మాట మాత్రం ఒక్కసారికే వినిపించింది. ఈమె నాకోసం గొంతు పెంచి మాట్లాడుతోందని ఇప్పుడు తెలిసింది.

జూలై 4, శుక్రవారం

నిన్న రాయికోడ్ వెళ్ళాను. అక్రం తన బావమరిది ఆటో మాట్లాడి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తనూ వచ్చాడు. దారి పొడుగునా చేలు పచ్చగా మొలకెత్తి ఉన్నాయి.

వాళ్ళ వాకిలి మధ్యలో నడుమెత్తు గోడ. రామ్‌కిషన్ పెట్టెను అరుగు మీద పెట్టించి, మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. తమ్ముణ్ణి పిలవమన్నాను. పిలవనన్నాడు. నేనే గోడ చుట్టూ తిరిగి వెళ్ళి శివరాజ్‌ని తీసుకొచ్చాను. అన్న మొహం చూడకుండా అరుగు చివర కూర్చున్నాడు.

డబ్బాలో నుంచి పాత ఇరుసు తీసి ఇద్దరి మధ్యా పెట్టాను. వచ్చేటప్పుడు ఆటోలో మంచి మాటలు చాలా కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"దీనికి ఏం కాలేదు. నూనె మంచిగనే వేసిన్రు. నాకు చెవులు పోయినై. లేని ఈల ఇని, మంచి పార్టును నేనే రుద్ది ఖరాబ్ చేసిన. నీ తమ్ముని తప్పు గోరంత లేదు."

రామ్‌కిషన్ ఇరుసు చేతిలోకి తీసుకుని చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "అయితే కొత్తది మంచిగ నడుస్తదా?" అన్నాడు. అక్రం నడుస్తుందన్నాడు. లేచి పెట్టె దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాడు. సంగతి అంతటితో అయిపోయినట్టు తిప్పుతున్నాడు.

అప్పుడు శివరాజ్ నా వైపు జరిగి, తల దించుకుని ఏదో అన్నాడు. పెదాలు కదలడం చూశాను. మామూలుగా అయితే తల ఊపేసేవాణ్ణి. ఎన్ని నెలలుగా ఎంతమందికి అలా ఊపానో.

"జర గట్టిగ చెప్పు తమ్ముడూ. నాకు ఇనొస్తలేదు."

వాడు అన్న వీపు వైపు చూశాడు. తర్వాత నాకు వినబడేంత గట్టిగా, వాకిలంతా వినబడేంత గట్టిగా చెప్పాడు.

"మీ చెవులు ఖరాబైనై, మీరు తప్పు ఇన్నరు. దాంట్ల మీ తప్పేం లేదు. మా అన్న చెవులు మంచిగనే ఉన్నయి గదా? చేను ఇత్తకున్నా నాకు ఫికర్ లేదు. ఒక్క మాట నన్ను అడగొద్దా?"

రామ్‌కిషన్ చేతిలో హ్యాండిల్ ఆగిపోయింది. వాడు అడిగింది నాకు వినిపించింది. ఆయనకూ వినిపించింది.